49,333 కంటే 44,000 ఎక్కువయ్యే లెక్క

డయలప్ మోడెమ్ (ఫోను లైను మీద కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలిపే పరికరం) వేగం పెంచుకునే చిట్కాల జాబితా ఒకటి ఈమధ్య మళ్ళీ కళ్ళబడింది. ఇలాంటివన్నీ ఒకే మూసలో ఉంటాయి. ముందు విండోస్ రిజిస్ట్రీలో (దాని లోపలి అమరికల పట్టికలో) మార్చాల్సిన అంకెలు, తర్వాత మోడెమ్‌కి పంపాల్సిన బారెడు ఆదేశం, అన్నిటికీ అడుగున, చోటు మిగిలితే, ఫోను తీగ గురించి ఒక్క ముక్క. నా దృష్టిలో ఈ వరస పూర్తిగా తలకిందులు. తీగ మొదట రావాలి. తర్వాత మోడెమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్యనున్న పోర్టు, ఆ తర్వాత పీపీపీ (ఫోను లైను మీద ఇంటర్నెట్ డేటాని మోసే పద్ధతి), రిజిస్ట్రీ చిట్టచివర. ఇంకో మాట కూడా ఉంది, అదే అసలు మాట. జాబితాలన్నీ పెంచమనే చోట నేను తగ్గించమంటాను. కనెక్ట్ అయ్యే వేగాన్ని కావాలనే కొన్ని మెట్లు దించితే, చాలా లైన్ల మీద ఫైలు ముందుగా దిగుతుంది.

వినడానికి అడ్డగోలుగా ఉంటుంది, తెలుసు. లెక్క చూడండి.

మెట్లూ, మధ్యలో ఆగిపోవడమూ

వి.90 (56,000 దాకా వెళ్ళే ప్రమాణం) మోడెమ్ డౌన్‌లోడ్ వేగం ఎక్కడ పడితే అక్కడ ఆగదు. 28,000 బీపీఎస్ (సెకనుకి బిట్లు) నుంచి 56,000 దాకా ఒక్కోటి 1,333 బిట్ల చొప్పున మెట్లుంటాయి. 49,333, 50,666 లాంటి వింత అంకెలు అందుకే కనిపిస్తాయి. ఎర్రర్ కరెక్షన్ పనిచేస్తున్నప్పుడు ప్రతి బైటుకీ ముందూ వెనకా ఉండే స్టార్ట్ బిట్టునీ స్టాప్ బిట్టునీ మోడెమ్ లైనెక్కించదు కాబట్టి, ఈ అంకెని 8తో భాగిస్తే సెకనుకి ఎన్ని బైట్లో వస్తుంది. 49,333 అంటే 6,166 బైట్లు. 44,000 అంటే 5,500.

పది నిమిషాల డౌన్‌లోడ్ తీసుకుందాం. ఎక్కడా ఆగకపోతే 49,333 దగ్గర సుమారు 37 లక్షల బైట్లు, 44,000 దగ్గర 33 లక్షల బైట్లు వస్తాయి. ఇంతవరకూ జాబితాల వాళ్ళదే గెలుపు. కానీ 49,333 అనేది ఆ లైను మోయగలిగిన బరువుకి అంచు. కాస్త రొద పెరగగానే మోడెమ్ డేటా ఆపేసి అవతలి మోడెమ్‌తో మళ్ళీ మొదట్నుంచి శ్రుతి చేసుకుంటుంది. దీన్నే రీట్రెయిన్ అంటారు. దానికే చాలా సెకన్లు పోతాయి. ఆలోపు అవతలి సర్వరులో టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకునే ఇంటర్నెట్ పద్ధతి) గడువు దాటిపోయి, దారిలో ఏదో పోయిందనుకుని జోరు బాగా తగ్గించి మళ్ళీ మెల్లగా మొదలెడుతుంది. రెండూ కలిపి ఒక్కో రీట్రెయిన్‌కి 15 సెకన్లు పోయాయనుకోండి. పది నిమిషాల్లో ఐదుసార్లు జరిగితే 75 సెకన్లు గంగపాలు. మిగిలిన 525 సెకన్లలో వచ్చేది 32 లక్షల 37 వేల బైట్లు. నిలకడగా నడిచిన 44,000 దాన్ని దాటేసింది.

నాలుగుసార్లే జరిగితే మాత్రం 49,333 ఇంకా ముందే ఉంటుంది. అందుకే గుడ్డిగా దించమనడం లేదు, లెక్కపెట్టమంటున్నాను. యూఎస్ రోబోటిక్స్ మోడెమ్ అయితే ఫోను పెట్టేశాక టెర్మినల్‌లో (మోడెమ్‌కి నేరుగా ఆదేశాలు టైపు చేసే ప్రోగ్రాంలో) ఏటీఐ6 కొట్టండి. ఎన్ని రీట్రెయిన్‌లు అడిగింది, ఎన్ని జరిగాయి, ఎన్ని బ్లాకులు మళ్ళీ పంపాల్సొచ్చింది, అన్నీ వరసగా చూపిస్తుంది. ఏటీఐ11 కొడితే సింబల్ రేటు (సెకనుకి సిగ్నల్ ఎన్నిసార్లు మారుతుందో), సిగ్నల్ మట్టం లాంటి లోపలి వివరాలు వస్తాయి. రాక్‌వెల్ చిప్ ఉన్న మోడెమ్‌లలో ఏటీ%ఎల్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెబుతుంది, ఏటీ%క్యూ దాని నాణ్యత చెబుతుంది. అవి లైను మీద ఉండగానే అడగాల్సినవి. +++ కొట్టి ఆదేశాల స్థితిలోకి వచ్చి, చూసుకుని, ఏటీఓతో మళ్ళీ వెనక్కి వెళ్ళాలి.

దించడం ఎలా? ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. విండోస్ మోడెమ్ ప్రాపర్టీస్‌లో 'మాక్సిమమ్ స్పీడ్' అని ఒక పెట్టె ఉంటుంది. అది లైను వేగం కాదు, కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య పోర్టు వేగం. దాన్ని 38,400కి దించితే లైను మీద ఏమీ మారదు, పోర్టు గొంతు మాత్రం నొక్కుకుపోతుంది. లైను వేగానికి హద్దు పెట్టాల్సింది 'ఎక్స్‌ట్రా సెట్టింగ్స్' పెట్టెలో రాసే ఆదేశంతో. వి.250 (మోడెమ్ ఆదేశాల ప్రమాణం) పద్ధతి పాటించే మోడెమ్‌లకి ఏటీ+ఎంఎస్=వి90,1,0,0,0,44000. చివరి అంకె డౌన్‌లోడ్‌కి పై హద్దు. పాత రాక్‌వెల్ చిప్‌లు పేర్లకి బదులు అంకెలు వాడతాయి. ఏటీ+ఎంఎస్=11,1,300,33600 అంటే వి.90 జోలికి పోకుండా వి.34తోనే (33,600 దాకా వెళ్ళే పాత ప్రమాణం) కలవమని. యూఎస్ రోబోటిక్స్‌లో ఆ పని ఎస్32=98 చేస్తుంది. ఎక్స్2నీ (వి.90కి ముందటి ఆ కంపెనీ సొంత పద్ధతి) వి.90నీ రెండిటినీ ఆపేస్తుంది.

"మోడెమ్ తనంతట తానే సరైన వేగం చూసుకోదా, మధ్యలో మన పెత్తనం ఎందుకు?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చూసుకుంటుంది, కానీ కలిసిన మొదటి కొన్ని సెకన్లలో లైను ఎలా ఉందో దాన్నిబట్టి. పావుగంట తర్వాత పక్కగదిలో మోటారు ఆన్ అయితే వచ్చే చిటపట దానికి ముందే తెలియదు. తెలిశాక దిగుతుంది, దిగిన కాసేపటికి మళ్ళీ ఎక్కాలని చూస్తుంది, మళ్ళీ జారుతుంది. రాక్‌వెల్‌లో %ఈ2 పెడితే ఇలా దిగడమూ ఎక్కడమూ రెండూ చేస్తుంది. మంచి లైను మీద అది వరమే. చెడ్డ లైను మీద ఆ ఎక్కిదిగడాల్లోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. రీట్రెయిన్ దాకా పోకుండా వేగాన్ని మాత్రం సర్దుకునే పద్ధతి ఒకటుంది, దానికి పట్టే సమయం చాలా తక్కువ. రెండువైపుల మోడెమ్‌లూ దాన్ని సరిగ్గా చేసేవైతే నా లెక్క కొంత బలహీనపడుతుందని ఒప్పుకోవాలి.

ఏ మెట్టు దగ్గర ఆపాలన్నది సొంతంగా తేల్చుకోవాల్సిందే. ముందే కుదించి ఉన్న ఫైలు, జిప్ లాంటిది, సుమారు పది లక్షల బైట్లది ఒకటి ఎంచుకోండి. 44,000 దగ్గర మూడు నిమిషాల్లో దిగుతుంది. హద్దు లేకుండా మూడుసార్లు, తర్వాత రెండేసి మెట్లు దించుకుంటూ మూడేసిసార్లు, గడియారం పెట్టి చూడండి. బ్రౌజరు చూపించే వేగాన్ని కాదు, మొదలైన సమయాన్నీ ముగిసిన సమయాన్నీ రాసుకోండి. రాత్రి ఒకసారి, పగలు ఒకసారి చేస్తే ఇంకా మంచిది.

ఇంతకీ తెరమీద కనిపించేది ఏ అంకె?

'కనెక్ట్ 1,15,200' అని కనిపించగానే తన మోడెమ్ 56,000 హద్దుని రెండింతలు దాటిందని మురిసిపోయినవాళ్ళు ఎందరో. అది పోర్టు వేగం. కొన్ని మోడెమ్‌లు మామూలుగా దాన్నే చెబుతాయి. రాక్‌వెల్‌లో డబ్ల్యూ2 చేరిస్తే లైను వేగం చెబుతుంది. అదీ కలిసిన క్షణంలో ఉన్న వేగమే. పది నిమిషాల తర్వాత మోడెమ్ 36,000కి జారిపోయినా విండోస్ మూలన కూర్చున్న ఆ చిన్న బొమ్మ మొదటి అంకెనే పట్టుకుని ఉంటుంది.

అంటే ఆ అంకె ఎందుకూ పనికిరాదని కాదు. రోగం గుర్తుపట్టడానికి దానికంటే మంచి సాధనం లేదు. వి.34 మోడెమ్ ముందు లైను మీద రకరకాల టోన్లు పంపి, ఎంత వెడల్పు శ్రుతుల పరిధి అందుతోందో చూసి, ఆరు సింబల్ రేట్లలో ఒకటి ఎంచుకుంటుంది. 3429 రేటుకి సుమారు 245 హెర్ట్జ్ నుంచి 3,670 హెర్ట్జ్ వరకూ కావాలి. అది దొరికితే 33,600 దాకా అవకాశం ఉంది. 3200 రేటుకి హద్దు 31,200. 3000కి 28,800. 2800కి 26,400. కాబట్టి వానకీ ఎండకీ తేడా లేకుండా రోజూ 26,400 దగ్గరే ఆగే లైనులో రొద సమస్య కాదు, పై శ్రుతులు (ఎక్కువ హెర్ట్జ్ ఉన్నవి) ఎక్కడో తెగిపోతున్నాయి. ఎక్స్ఛేంజికీ ఇంటికీ మధ్య ఒకే తీగ జంట మీద రెండు లైన్లు నడిపే పెట్టె ఉండొచ్చు, పొడవాటి లైనులో లోడింగ్ కాయిల్స్ (మాట బాగా వినిపించడానికి పెట్టే తీగచుట్టలు) ఉండొచ్చు. అక్కడ ఏ ఆదేశమూ పనిచేయదు. రోజుకో అంకె వస్తుంటే, ఉదయం 45,333, సాయంత్రం 37,333, అలాంటప్పుడు రొద ఉందన్నమాట. దాన్ని వెతికి పట్టుకోవచ్చు.

వి.90 ఎందుకు ఒకచోట పనిచేసి ఇంకోచోట పనిచేయదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎక్స్ఛేంజిలో మాట సెకనుకి 8,000 నమూనాలు, ఒక్కోటి 8 బిట్ల చొప్పున అంకెలుగా మారుతుంది. సర్వీసు ఇచ్చేవాళ్ళ వైపు మోడెమ్ నేరుగా అంకెల్లోనే కలుస్తుంది కాబట్టి, వాళ్ళ నుంచి మన ఇంటికి ఒక్కసారే అంకెలు తీగ మీద వెళ్ళే అలలవుతాయి. ఆ ఒక్క మార్పునే వి.90 వాడుకుంటుంది. దారిలో ఇంకో మార్పు చొరబడితే, ఆఫీసు పీబీఎక్స్ (లోపలి ఫోన్ల సొంత ఎక్స్ఛేంజి) ఎక్స్‌టెన్షన్ లాంటిది, వి.90 అక్కడితో సరి. మోడెమ్ ప్రయత్నించి, విఫలమై, వి.34కి దిగుతుంది. ఆ ప్రయత్నానికే బోలెడు సమయం పోతుంది. అలాంటి లైను మీద మొదట్నుంచే వి.34తో కలవమనడం మేలు.

తీగ

తీగకి ఖర్చు దాదాపు లేదు, ఫలితం అన్నిటికంటే ఎక్కువ. అయినా ఎవరూ దాని ముఖం చూడరు.

తీగ ఉన్న మామూలు ఫోను (కార్డ్‌లెస్ వద్దు, దాని సొంత సుయ్‌మనే శబ్దం మోసం చేస్తుంది) రిసీవరు ఎత్తి ఒక్క అంకె నొక్కండి. డయల్ టోన్ ఆగుతుంది. తర్వాత కొన్ని సెకన్లు వినండి. సన్నగా గుంయ్‌మని మోత వస్తుంటే ఫోను తీగ కరెంటు తీగల వెంట వెళ్తోందనో, జంటలో ఒక తీగ ఎక్కడో నేలకి తగులుతోందనో అర్థం. చిటపటలు వస్తుంటే వదులైన స్క్రూ, లేదా చిలుముపట్టిన జాయింటు. వాన వెలిసిన రోజే వస్తుంటే జాయింటులోకి నీళ్ళు దిగుతున్నాయి. వెనక ఎవరివో మాటలు సన్నగా వినిపిస్తే పక్క జంటతో ఎక్కడో సంపర్కం ఉంది.

ఆ తర్వాత చేయాల్సిన పరీక్ష ఒక్కటే. లైను ఇంట్లోకి వచ్చే మొదటి పెట్టె దగ్గరికి మోడెమ్‌ని తీసుకెళ్ళండి. అక్కణ్ణుంచి లోపలికి వెళ్ళే వైరింగంతా విప్పేసి, ఒక మీటరు తీగతో నేరుగా కలిపి డయల్ చేయండి. అంకె పెరిగినా, రీట్రెయిన్‌లు తగ్గినా తప్పు ఇంట్లోనే ఉంది. ఏమీ మారకపోతే బయట ఉంది, ఇల్లంతా తవ్వి లాభం లేదు.

ఇంట్లో ఉంటే సాధారణంగా దొంగలు వీళ్ళే. గోడవెంట పాకించిన పది మీటర్ల బల్లపరుపు తీగ. అందులో తీగలు మెలి తిరిగి ఉండవు, చుట్టూ ఉన్న రొదంతా పీల్చుకుంటుంది. దాని బదులు మెలి ఉన్న నెట్‌వర్క్ కేబుల్‌లోంచి ఒక జంట వాడండి. కానీ జంట అంటే జంటే: నీలం, నీలం-తెలుపు. నీలం ఒకటీ నారింజ ఒకటీ తీసుకుంటే మెలి ప్రయోజనం మొత్తం పోయి బల్లపరుపు తీగకంటే హీనంగా తయారవుతుంది. ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు. పైకి చూస్తే ఫోను మోగుతుంది, మాట వినిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

రెండోది, అదే లైను మీద వేలాడే మిగతా ఫోన్లు, కాలర్ ఐడీ పెట్టె, వాడకంలో లేని తీగముక్కలు. చివర ఏమీ లేకుండా గోడలో ముగిసిపోయే ప్రతి కొమ్మా సిగ్నల్‌ని కొంత వెనక్కి కొడుతుంది. మూడోది పిడుగు రక్షణ అంటూ మోడెమ్‌కి ముందు పెట్టే చౌకరకం సాకెట్. కొన్నిటి లోపలి భాగాలు పై శ్రుతులని మింగేస్తాయి. తీసేసి ఒకసారి కలిపి చూడండి, తేడా వస్తే వేరేది కొనుక్కోండి. పిడుగుల కాలంలో మాత్రం రక్షణ లేకుండా వదలొద్దు.

కాల్ వెయిటింగ్ ఉంటే డయల్ చేసే నంబరుకి ముందు దాన్ని ఆపే కోడ్ చేర్చండి. అది కుదరని చోట ఎస్10 పెంచొచ్చు. అవతలి మోడెమ్ సిగ్నల్ (క్యారియర్) వినబడకుండా పోయాక ఎంతసేపు ఓర్చుకోవాలో పదోవంతు సెకన్లలో చెప్పే రిజిస్టరది. చాలా మోడెమ్‌లలో 14, అంటే 1.4 సెకన్లు. 50 చేస్తే ఐదు సెకన్లు తట్టుకుంటుంది. లైను తెగకుండా ఉంటుంది, కానీ ఒక రీట్రెయిన్ తప్పదు.

పోర్టు దగ్గర ఇరుకు

ఇది చిన్న కూడికే, అయినా తరచూ మరచిపోతారు. సీరియల్ పోర్టు మీద ఒక బైటుకి పది బిట్లు పడతాయి, స్టార్ట్ ఒకటి, స్టాప్ ఒకటి కలిపి. పోర్టు 57,600 దగ్గర ఉంటే సెకనుకి 5,760 బైట్లే. లైను 50,666 దగ్గర కలిస్తే 6,333 బైట్లు తేగలదు. అంటే కంప్రెషన్ ఊసెత్తకముందే పోర్టే గొంతు పట్టుకుంది. కాబట్టి 1,15,200. సాధారణ సీరియల్ పోర్టులో 1.8432 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 16తో భాగిస్తే వచ్చేది అదే, అంతకుమించి పోదు.

కానీ 1,15,200 దగ్గర ప్రతి 87 మైక్రోసెకన్లకి ఒక బైటు వచ్చి పడుతుంది. పాత 16450 చిప్‌లో ఒక్క బైటుకే చోటు, ప్రాసెసర్ ఆలోపు రాకపోతే ముందుది పోయినట్టే. 16550ఏ చిప్‌లో 16 బైట్ల వరస ఉంటుంది. వరసలో 14 చేరాకే ప్రాసెసర్‌ని పిలవమంటే మిగిలిన చోటు రెండు బైట్లే, అంటే సుమారు 170 మైక్రోసెకన్లు. హార్డ్ డిస్కు పాతకాలపు పీఐఓ పద్ధతిలో నడుస్తూ ప్రాసెసర్‌ని అంతకంటే ఎక్కువసేపు పట్టి ఉంచితే బైట్లు రాలిపోతాయి. విండోస్‌లో డయలప్ వివరాల్లో సీఆర్‌సీ తప్పులు (చెడిపోయిన పొట్లాలు), ఓవర్‌రన్‌లు (రాలిపోయిన బైట్లు) పెరుగుతుంటే లైనుని తిట్టకండి. మోడెమ్ దాకా అంతా శుభ్రంగానే వచ్చింది, పోయింది ఇటువైపు. 'ఫిఫో బఫర్స్' దగ్గర రిసీవ్ జారుడుని ఒక గీత ఎడమకి జరపండి, డిస్కుకి డీఎంఏ (ప్రాసెసర్‌ని పట్టి ఉంచకుండా డేటా నడిచే పద్ధతి) పెట్టండి. లినక్స్ పాత యంత్రాల్లో హెచ్‌డీపార్మ్ -యు1 పెడితే డిస్కు పని మధ్యలో కూడా పోర్టు పిలుపుని ప్రాసెసర్ అందుకుంటుంది.

ఫ్లో కంట్రోల్ (మోడెమ్, కంప్యూటర్ ఒకదాన్నొకటి కాసేపు ఆగమనే పద్ధతి) హార్డ్‌వేర్‌దే ఉండాలి. రాక్‌వెల్‌లో &కె3, యూఎస్ రోబోటిక్స్‌లో &ఎఫ్1 పెడితే వచ్చేస్తుంది. ఏ జాబితాలోనైనా బారెడు ఆదేశం కనిపిస్తే, దానికి ముందు కంపెనీ వాళ్ళ ఈ మూల అమరికతో ఒకసారి కొలవండి. చాలాసార్లు ఆ బారెడులో పనికొచ్చేది ఇది ఒక్కటే.

ప్రాసెసర్ మీదే బరువంతా వేసే సాఫ్ట్ మోడెమ్‌ల సంగతి వేరు. సిగ్నల్ లెక్కలు కూడా కంప్యూటరే కట్టాలి. డిస్కు గరగరలాడినప్పుడల్లా లైను తెగుతుంటే, సీరియల్ పోర్టుకి తగిలించే బయటి మోడెమ్ కొనడమే పరిష్కారం.

పీపీపీలో దాగిన ఎనిమిదో వంతు

రిజిస్ట్రీ జాబితాలు పట్టించుకోని ఒక అమరిక నిజంగా విలువైనది. పీపీపీ, వేరే ఒప్పందం కుదరకపోతే, 0 నుంచి 31 వరకూ ఉన్న 32 కంట్రోల్ అక్షరాలనీ రెండేసి బైట్లుగా పంపుతుంది. కుదించిన ఫైలులో 256 విలువలూ దాదాపు సమానంగా వస్తాయి కాబట్టి ప్రతి ఎనిమిది బైట్లకీ ఒకటి రెట్టింపవుతుంది. అంటే పన్నెండున్నర శాతం అదనపు బరువు. లినక్స్‌లో పీపీపీ నడిపే పీపీపీడీలో అసింక్‌మ్యాప్ 0 అని రాస్తే ఇది పోతుంది. సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ వాడక తప్పనివాళ్ళు 17, 19 అక్షరాలని కాపాడుకోవాలి కనుక అక్కడ ఏ0000 రాయాలి. లైను మీద నాలుగు మెట్లెక్కితే వచ్చే లాభం కంటే ఇది ఎక్కువ.

ఇక ఎంటీయూ, అంటే ఒక పొట్లంలో పట్టే గరిష్ఠ బైట్లు. 576 పెట్టమని ఒక వర్గం, 1500 పెట్టమని ఇంకో వర్గం. ప్రతి యంత్రమూ కనీసం 576 బైట్ల పొట్లాన్ని స్వీకరించాలని 1981 నాటి ఐపీ ప్రమాణం చెప్పింది, ఈ అంకె అక్కడిది. వేగవంతమైన అంకె అని ఎవరూ అనలేదు. చిరునామాల్లాంటి వివరాలుండే 40 బైట్ల తలభాగం 576లో ఏడు శాతం, 1500లో మూడు శాతం లోపు. వాన్ జాకబ్సన్ తలకుదింపు (ఆ తలభాగాన్ని కుదించే పద్ధతి) పనిచేస్తుంటే ఆ 40 కాస్తా మూడు నుంచి ఐదుకి దిగుతుంది, తేడా లెక్కలోకి రాదు. మిగిలేది ఓపిక లెక్క. 33,600 దగ్గర 1500 బైట్ల పొట్లం దిగడానికి 357 మిల్లీసెకన్లు, 576దైతే 137. ఒకపక్క డౌన్‌లోడ్ నడుస్తుండగా టెల్‌నెట్‌లో టైపు చేస్తుంటే ఆ తేడా వేళ్ళకి తెలుస్తుంది. ఫైళ్ళు మాత్రమే దించేవాళ్ళకి 1500.

పాత మోడెమ్‌ని కొత్త లినక్స్ యంత్రానికి తగిలించేవాళ్ళకి ఒక మెలిక. టీసీపీ టైమ్‌స్టాంపులు ఆన్‌లో ఉంటే ప్రతి పొట్లంలోనూ ఆ విలువ మారుతూ ఉంటుంది, దాంతో తలకుదింపు చేతులెత్తేసి తలని పూర్తిగా పంపుతుంది. టీసీపీ_టైమ్‌స్టాంప్స్ విలువని 0 చేయండి.

రిసీవ్ విండోని (జవాబు అందకముందే అవతలివాళ్ళు పంపగలిగే బైట్ల హద్దుని) 32 వేలకి పెంచాలన్న సలహాకి నేను పూర్తి వ్యతిరేకిని. సెకనుకి 5,500 బైట్లు, రానూపోనూ 0.3 సెకను అయితే దారిలో నిండుగా ఉండాల్సింది 1,650 బైట్లే. విండోస్ 95లో మొదట్నుంచీ ఉన్న 8,192 దానికి నాలుగైదు రెట్లు. 32 వేలకి పెంచితే వచ్చేది వేగం కాదు, అవతలి వైపు ఆరు సెకన్ల క్యూ. కొత్త లింకు నొక్కితే దాని మొదటి బైటు ఆ క్యూ చివర నిలబడుతుంది. ఉపగ్రహం మీదుగా వెళ్ళే దారైతే లెక్క మారుతుందేమో గానీ, మామూలు ఫోను లైనుకి ఇది తగదు.

కంప్రెషన్ గురించి ఎక్కువ చెప్పను. వి.42బిస్ అనే మోడెమ్ కంప్రెషన్ పద్ధతి నాలుగింతలు అంటుంది. 44,000 లైను మీద అది నిజమైనా సెకనుకి 22,000 బైట్లవుతాయి, 1,15,200 పోర్టు 11,520 దగ్గరే ఆపేస్తుంది. పైగా ఇప్పుడు వెబ్ పేజీలు దాదాపు అన్నీ గుప్తలిపిలో వస్తాయి, వాటిలో కుదించడానికేమీ మిగలదు. వి.42బిస్ ఉంచినా నష్టం లేదు, కుదరనప్పుడు ఉన్నదున్నట్టు పంపేస్తుంది. ఎంఎన్‌పీ5 అనే పాత పద్ధతి మాత్రం ముందే కుదించినదాన్ని ఉబ్బిస్తుంది. రాక్‌వెల్‌లో %సి2, యూఎస్ రోబోటిక్స్‌లో &కె3 పెట్టి దాన్ని తప్పించండి. మీరు గమనించే ఉంటారు, ఒకచోట &కె3 ఫ్లో కంట్రోల్, ఇంకోచోట కంప్రెషన్. ఎవరిదో ఆదేశం తెచ్చి అతికిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇప్పటి లైన్ల మీద

అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబర్ 30న డయలప్ ఆపేసింది, ఇంకా ఈ గొడవెందుకంటారా? ఫ్యాక్సులు, అలారం పెట్టెలు, కార్డు యంత్రాలు, దూరాన ఉన్న మీటర్లు, పాత కంప్యూటర్లని బతికించుకునేవాళ్ళు, వీళ్ళందరి దగ్గరా మోడెమ్‌లు ఇంకా కూస్తూనే ఉన్నాయి. తేడా ఏమిటంటే ఆ ఫోను లైను చాలాచోట్ల ఇప్పుడు రాగి కాదు, ఇంటర్నెట్ మీద నడిచే మాట.

తగ్గించమన్న నా వాదన ఇక్కడ ఇంకా గట్టిపడుతుంది. అలాంటి లైనులో 20 మిల్లీసెకన్ల మాట ఒక పొట్లం. ఒకటి పోతే 33,600 దగ్గర 84 బైట్లు పోతాయి, అదేం పెద్ద నష్టం కాదు. కానీ ఆ ఖాళీలో మోడెమ్ తాళం తప్పుతుంది, రీట్రెయిన్ మొదలవుతుంది. ముందు అడాప్టరులో (ఫోనుని ఇంటర్నెట్‌కి కలిపే పెట్టెలో) కోడెక్ (మాటని అంకెలుగా మార్చే పద్ధతి) జి.711 మాత్రమే ఉంచండి, జి.729 లాంటి మాటని పిండేవి మోడెమ్ శబ్దాన్ని నాశనం చేస్తాయి. నిశ్శబ్దాన్ని పంపకుండా ఆపే అమరిక తీసేయండి. జిట్టర్ బఫర్ (ముందూ వెనకా వచ్చే పొట్లాలని కాసేపు ఆపి సర్దే నిల్వ) తనంతట తాను మారేది కాకుండా స్థిరంగా ఉంచండి. మోడెమ్ జవాబిచ్చేటప్పుడు వినిపించే 2100 హెర్ట్జ్ టోను 450 మిల్లీసెకన్లకోసారి దాని అల తలకిందులవుతుంది, ప్రతిధ్వని ఆపే పరికరాలు అది విని పక్కకి తప్పుకోవాలి. అడాప్టరు అది పట్టించుకోకపోతే చేత్తోనే ఆపేయండి. ఆ తర్వాత మోడెమ్‌ని 14,400 దగ్గర ఆపండి, అదీ నిలవకపోతే 9,600.

కార్డు యంత్రాల వాళ్ళకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. ఒక లావాదేవీకి పోయేది రెండొందల బైట్లనుకుంటే, 1,200 బీపీఎస్ దగ్గర రెండు సెకన్ల లోపు పని. ఆ వేగానికి శ్రుతి కలవడం కూడా చిటికెలో అవుతుంది. కార్డు యంత్రం పని ముగించి లైను వదిలేసే వేళకి, 33,600 మోడెమ్ ఇంకా టోన్లు పంపి లైను వెడల్పు కొలుచుకుంటూ ఉంటుంది.